పూత వేసిన రేకుకు డంపింగ్ పరీక్ష: ఒక వైబ్రేషన్ పరీక్షాశాల పనితీరుపై సమీక్ష

డీజిల్ జనరేటర్లకు శబ్ద నిరోధక కెనోపీలు (జనరేటరును కప్పే రేకు పెట్టెలు, వీటినే ఎన్‌క్లోజర్లు అంటారు) తయారుచేసే సంస్థలో డిజైన్ పని చూసే నాకు, రేకు లోపలి వైపు స్ప్రే చేసే నీటి ఆధారిత డంపింగ్ పూత (కంపనాన్ని అణచే పూత) నిజంగా ఎంత పని చేస్తుందో తేల్చుకోవలసిన అవసరం వచ్చింది. 1000 కేవీఏ వరకు ఉన్న జనరేటర్లకు, ఎన్‌క్లోజర్ ఉపరితలం నుంచి ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్ (ఏ) దాటకూడదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధనే మా పనికి గీటురాయి. పూత మీద పెట్టే ఖర్చు సార్థకమైందో లేదో చివరికి తేలేది అక్కడే. పూత సరఫరాదారు ఇచ్చిన డేటా షీట్‌లో మాత్రం లాస్ ఫ్యాక్టర్ అంటూ ఒకే ఒక అంకె ఉంది. అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత మందం రేకు మీద ఎంత మందం పూతకు వచ్చిందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. అందువల్ల హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు వైబ్రేషన్ పరీక్షాశాలకు మా నమూనాలు అప్పగించాము. ఆ సేవ గురించే ఈ సమీక్ష. వారి తొలి నివేదికలో ఒక ముఖ్యమైన లోపం కనిపించింది, అడిగిన తరువాత దాన్ని దిద్ది ఇచ్చారు. ఆ సంగతి కూడా వివరంగా రాయవలసి ఉన్నందున పేరు చెప్పడం లేదు.

లాస్ ఫ్యాక్టర్ అంటే, కంపిస్తున్న వస్తువులో నిలువ ఉన్న శక్తిలో ఒక్కో ఆవర్తనంలో ఎంత భాగం వేడిగా మారి పోతున్నదో చెప్పే కొలత అని స్థూలంగా అనుకోవచ్చు. రెజొనెన్స్ దగ్గర, అంటే వస్తువు తన సహజ ఫ్రీక్వెన్సీలో బలంగా కంపించే చోట, అది డంపింగ్‌ను చెప్పే మరో కొలత అయిన డంపింగ్ నిష్పత్తికి రెట్టింపు ఉంటుంది. పూత లేని ఉక్కు రేకును గాలిలో వేలాడదీసి కొలిస్తే ఆ విలువ దాదాపు 0.001 లోపే ఉంటుంది, మంచి డంపింగ్ పూత వేసిన రేకుకు 0.1 వరకు రావచ్చు. అంటే వంద రెట్ల తేడా ఉన్న రెండు విలువలను ఒకే బల్ల మీద, ఒకే పరికరంతో కొలవాలి. ఈ పనిలోని కష్టమంతా అక్కడే ఉంది. ఒక పరీక్షాశాలకు ఈ విద్య నిజంగా తెలుసో లేదో తేల్చేది పూత వేసిన రేకు కాదు, పూత లేని రేకు.

మేము ఇచ్చినవి 600 మిల్లీమీటర్ల పొడవు, 400 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు ప్యానెళ్లు; వాటిలో కొన్ని ఖాళీవి, కొన్ని రెండు మిల్లీమీటర్ల పూత వేసినవి. వాటితో పాటు గాలి బయటకు పోయే డక్టు నుంచి తీసిన గుండ్రటి షెల్ (సన్నని గోడ గల గొట్టం) ముక్క ఒకటి, అదే పూత వేసిన సన్నని ఉక్కు పట్టీలు కొన్ని ఇచ్చాము. పరీక్ష చూడటానికి మమ్మల్ని లోపలికి రానిచ్చారు. ఇది చిన్న విషయం కాదు, నమూనాలు తీసుకుని రసీదు రాసిచ్చి పంపేసే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడి యువ ఇంజినీరు మొదట అన్న మాట నాకు నచ్చింది: "సార్, ముందు ఖాళీ రేకు కొలుద్దాం. అది సరిగ్గా రాకపోతే పూత వేసిన రేకు జోలికి వెళ్ళొద్దు." త్రాసులో సున్నా చూసుకోకుండా బంగారం తూచడం ఎంత తప్పో, ఖాళీ రేకు కొలవకుండా పూత డంపింగ్ చెప్పడం అంత తప్పు. రేకును పట్టుకున్న క్లాంపులు, దాని మీద అంటించిన సెన్సారు, సెన్సారు నుంచి వేలాడే తీగ, ఇవన్నీ తమ వంతు శక్తిని పీల్చుకుంటాయి. ఆ పీల్చుకున్నదంతా పూత ఖాతాలో పడితే నాసిరకం పూత కూడా గొప్పగా కనిపిస్తుంది.

ప్యానెల్‌ను రెండు నైలాన్ దారాలతో ఫ్రేముకు వేలాడదీశారు. దారాలు కట్టే చోటును ఊరికే నిర్ణయించలేదు. కొలవదలచిన మోడ్‌లో (రేకు కంపించే ఒక్కో ఆకారాన్ని మోడ్ అంటారు) కదలిక లేని గీతలు ఎక్కడ వస్తాయో చూసుకుని వాటికి దగ్గరగా కట్టారు. ముందు ఒక చిన్న యాక్సిలరోమీటర్‌ను (కంపన త్వరణాన్ని కొలిచే సెన్సారు) తేనెమైనంతో అంటించి, దాని తీగ రేకును తాకకుండా వెనక్కు లాగి టేపు వేసి కొలిచారు. తరువాత దాన్ని తీసేసి, రేకును తాకకుండానే దాని వేగాన్ని చదివే లేజర్ డాప్లర్ వైబ్రోమీటర్‌తో మళ్లీ కొలిచారు. సుత్తి తగలగానే ఖాళీ రేకు ఖంగుమని మోగి, ఆ మోత సెకన్ల తరబడి సాగింది. చెవికి వినిపించడం మానేసిన తరువాత కూడా తెర మీద లేజర్ సంకేతం సన్నగా ఊగుతూనే ఉంది. పూత వేసిన రేకు అదే దెబ్బకు ధబ్బుమని ఆగిపోయింది. ఖాళీ రేకుకు యాక్సిలరోమీటర్ చూపిన డంపింగ్ లేజర్ చూపినదానికంటే ఎక్కువగా ఉంది, పూత వేసిన రేకుకు మాత్రం రెండూ దాదాపు కలిశాయి. ఆ తేడా తీగదీ మైనానిదీ. లేజర్‌కు విడిగా రుసుము తీసుకుంటారు. ఖాళీ నమూనాలకు ఆ రుసుము కట్టడం తప్పనిసరి అనీ, దట్టమైన పూత ఉన్నవాటికి యాక్సిలరోమీటర్ సరిపోతుందనీ నా అభిప్రాయం. ఈ మాట వారే ముందుగా చెప్పి ఉంటే మాకు కొంత డబ్బు మిగిలేది.

ఇక ఆ లోపం సంగతి. ఇంపాక్ట్ హ్యామర్‌తో కొట్టి కొలిచేటప్పుడు, రికార్డు ముగిసేలోపు మోత పూర్తిగా తగ్గకపోతే, సంకేతాన్ని క్రమంగా సున్నాకు దించే ఎక్స్‌పొనెన్షియల్ విండోను సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. ఇది అందరూ చేసేదే, తప్పేమీ కాదు. అయితే ఆ విండో తానే కృత్రిమంగా డంపింగ్ కలుపుతుంది. ఎంత కలుపుతుందో కచ్చితంగా లెక్కకట్టవచ్చు: లాస్ ఫ్యాక్టర్‌కు చేరే అదనపు విలువ, పై (π) విలువను ఫ్రీక్వెన్సీతోనూ విండో కాల స్థిరాంకంతోనూ (విండో ఎంత వేగంగా సున్నాకు దిగుతుందో చెప్పే కాలం) గుణించి, వచ్చినదానితో ఒకటిని భాగిస్తే వచ్చేంత. కాల స్థిరాంకం అర సెకను అనుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 0.0127 అదనంగా చేరుతుంది. రేకు అసలు విలువ 0.001 అయితే నివేదికలో 0.0137 అని పడుతుంది, అంటే పదమూడు రెట్లకు పైగా తప్పు. అదే విండో 500 హెర్ట్జ్ దగ్గర కలిపేది అందులో పదో వంతే. తొలి నివేదికలో ఖాళీ ప్యానెల్ డంపింగ్ తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఎక్కువగానూ, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అదే వరుసలో తగ్గుతూనూ కనిపించడంతో అనుమానం వచ్చి, విండో సవరణ చేశారా అని అడిగాను. చేయలేదు. మారుమాట లేకుండా ఒప్పుకుని, అదనపు విలువను తీసేసి, విండో వివరాలు కూడా రాసి కొత్త నివేదిక ఇచ్చారు, అదనపు రుసుము అడగలేదు. దిద్దిన తీరు మెచ్చుకోదగినదే. కానీ అడగని వినియోగదారుడికి మొదటి నివేదికే మిగిలేది, ఆ కాగితం చూసి పూత ఖాళీ రేకు కంటే ఎన్ని రెట్లు మెరుగో లెక్క వేసుకునేవారు చాలా తక్కువ అంకె దగ్గర ఆగిపోయేవారు. అప్పుడు మంచి పూతకు అన్యాయం జరిగేది.

ఫ్రీక్వెన్సీ రెజల్యూషన్ (పక్కపక్క ఫ్రీక్వెన్సీ బిందువుల మధ్య ఎడం) విషయంలో వారి జాగ్రత్త బాగుంది. రెజొనెన్స్ శిఖరం మూడు డెసిబెల్‌లు దిగిన చోట దాని వెడల్పును కొలిచి, దాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే లాస్ ఫ్యాక్టర్ వస్తుందన్నది పాఠ్యపుస్తకాల్లోని సులువైన పద్ధతి. 100 హెర్ట్జ్ దగ్గర 0.001 విలువ ఉన్న ఖాళీ రేకుకు ఆ వెడల్పు 0.1 హెర్ట్జ్ మాత్రమే. అందులో కనీసం అయిదారు బిందువులు పడాలంటే 0.02 హెర్ట్జ్ రెజల్యూషన్ కావాలి, అందుకు ఒక్కో దెబ్బకు 50 సెకన్ల రికార్డు తీసుకోవాలి. సమయం ఆదా చేసుకోవాలని ఒక హెర్ట్జ్ రెజల్యూషన్‌తో ముగించేసేవారిని నేను చూశాను. అక్కడ వచ్చే అంకె రేకుది కాదు, విశ్లేషణ యంత్రంలో పెట్టిన సెట్టింగుది. ఇక్కడ మాత్రం ఖాళీ రేకుకు నిడివైన రికార్డులే తీశారు, ఏ రెండు దెబ్బలూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకున్నారు, కొహెరెన్స్ (దెబ్బకూ కంపనానికీ మధ్య పొంతన) పడిపోయిన దెబ్బలను తీసేశారు. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా విలువ మారలేదని కూడా చూపించారు. ఈ చివరి పరీక్ష పాలిమర్ పూతలకు లాంఛనంగా అనిపించవచ్చు గానీ, టర్బైన్ బ్లేడ్ల మీద ప్లాస్మా స్ప్రేతో వేసే సిరామిక్ పూతల్లో డంపింగ్ కంపన పరిమాణంతో పాటే మారుతుంది కాబట్టి, అలవాటుగా చేయడమే మంచిది.

రెండో పద్ధతి మోత తగ్గే వేగాన్ని కొలవడం. కంపనం 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే కాలాన్ని ఫ్రీక్వెన్సీతో గుణించి, 2.2ను ఆ లబ్ధంతో భాగిస్తే లాస్ ఫ్యాక్టర్ వస్తుంది. 500 హెర్ట్జ్ దగ్గర 0.0005 విలువ ఉన్న ఖాళీ రేకుకు ఈ లెక్క ప్రకారం దాదాపు తొమ్మిది సెకన్లు పడుతుంది. పూత వల్ల విలువ 0.1కు చేరితే 0.044 సెకనులో ముగిసిపోతుంది. ఇంత తొందరగా ఆగే మోతతో ఒక చిక్కు ఉంది. సంకేతంలో ఒక ఇరుకు ఫ్రీక్వెన్సీ పట్టీని మాత్రమే వేరుచేయడానికి వాడే మూడో వంతు ఆక్టేవ్ ఫిల్టరుకు తనదైన మోత ఉంటుంది. 500 హెర్ట్జ్ దగ్గర ఆ ఫిల్టరు వెడల్పు సుమారు 115 హెర్ట్జ్, దాన్ని 0.044 సెకనుతో గుణిస్తే అయిదు వస్తుంది. ఈ లబ్ధం 16 కంటే ఎక్కువ ఉంటేనే మామూలు ఫిల్టరు నమ్మదగినది, సంకేతాన్ని కాలంలో వెనక్కు తిప్పి ఫిల్టరు చేస్తే 4 దాటితే చాలు. ఈ సంగతి నేను అడగకముందే వారి నివేదికలో ఉంది, వెనక్కు తిప్పి ఫిల్టరు చేసిన ఫలితాలనే ఇచ్చారు. ఈ ఒక్క వాక్యం చూశాక వారి మీద నాకు నమ్మకం కుదిరింది.

పట్టీల పరీక్షను ఏఎస్‌టీఎం ఈ756 ప్రమాణం ప్రకారం చేశారు. 1950ల తొలినాళ్లలో జర్మనీలో హెర్మన్ ఓబర్స్ట్ ఉక్కు పట్టీల మీద డంపింగ్ పూతల గురించి చేసిన పని నుంచి వచ్చింది కాబట్టి దీన్ని ఓబర్స్ట్ పట్టీ అంటారు. ఒక చివర బిగించిన ఉక్కు పట్టీని, ముందు ఖాళీగా, తరువాత పూతతో, తాకకుండా కంపింపజేసి, రెండింటి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీల నుంచీ డంపింగ్ నుంచీ పూత పదార్థపు సొంత బిగువునూ లాస్ ఫ్యాక్టర్‌నూ విడదీస్తారు. బిగించిన చివర దగ్గర జరిగే నష్టం ఎక్కువగా కలిసేది మొదటి మోడ్‌లో కాబట్టి దాన్ని వదిలేసి రెండో మోడ్ నుంచి లెక్కలోకి తీసుకున్నారు, అదే సరైన పద్ధతి. పట్టీ వల్ల పెద్ద లాభం ఏమిటంటే అది ఉష్ణోగ్రత నియంత్రించే పెట్టెలో సులువుగా పడుతుంది. మా ప్యానెల్ పట్టదు.

నా దృష్టిలో ఈ సేవకు చెల్లించిన డబ్బుకు అసలు ఫలితం ఈ ఉష్ణోగ్రత పట్టికే. పాలిమర్ పూతలు శక్తిని బాగా పీల్చుకునేది, గాజులాంటి గట్టి స్థితి నుంచి రబ్బరులాంటి మెత్తని స్థితికి మారే మధ్య దశలో. ఆ దశ ఏ ఉష్ణోగ్రత దగ్గర వస్తుందో అన్నదే పూత తయారీలోని కీలకం, ఫ్రీక్వెన్సీ పెరిగితే ఆ దశ కాస్త ఎక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర శిఖరం ఉండేలా కలిపిన పూత డేటా షీట్ మీద అద్భుతంగా కనిపిస్తుంది. మన ఊళ్ళలో మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన కెనోపీ రేకు, లోపల ఇంజిను వేడి కూడా తోడైతే, 60 డిగ్రీల పైన పని చేయవలసి ఉంటుంది. మేము 25, 40, 60 డిగ్రీల దగ్గర కొలవమన్నాము. 25 దగ్గర డేటా షీట్ చెప్పిన అంకెకు దగ్గరగా వచ్చిన పూత, 60 దగ్గరకు వచ్చేసరికి చాలావరకు చతికిలబడింది. సరఫరాదారు అబద్ధం చెప్పలేదు, మాకు అవసరమైన ప్రశ్నకు జవాబు చెప్పలేదు, అంతే. ఈ పట్టిక చూపించి ఎక్కువ ఉష్ణోగ్రతకు పనికొచ్చే మరో రకం తెప్పించుకోగలిగాము. ఒక్కో ఉష్ణోగ్రతకు విడిగా రుసుము ఉంటుంది, అయినా మూడింటికి తక్కువ చేయించవద్దని చెబుతాను.

మందం గురించి వారు ఇచ్చిన సలహా కూడా రేకు పని చేసేవారికి పనికొస్తుంది. రేకు మీద బయటికి తెరిచి ఉండే పూత విషయంలో, ఒక హద్దు వరకు, మందం రెట్టింపు చేస్తే డంపింగ్ దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి రెండు వైపులా ఒక్కో మిల్లీమీటరు వేయడం కంటే ఒకే వైపు రెండు మిల్లీమీటర్లు వేస్తే ఫలితం సుమారు రెట్టింపు ఉంటుంది, పదార్థం అంతే ఖర్చవుతుంది. అలాగే పూత పూర్తిగా ఆరిందో లేదో తూకం వేసి చూశారు. లోపల నీరు మిగిలిన పూత డంపింగ్ వేరుగా ఉంటుంది, ఆరేకొద్దీ అంకె మారిపోతుంది. బరువు ఇంకా తగ్గుతున్న ఒక నమూనాను వెనక్కు పంపి, ఆరాక తెమ్మన్నారు. మాకు ఆలస్యమైంది గానీ ఆ నిర్ణయం సరైనదే.

షెల్ దగ్గర అసలు నైపుణ్యం బయటపడింది. గుండ్రటి గొట్టంలో ప్రతి వలయాకార మోడ్‌కూ ఒక జంట ఉంటుంది, రెండూ ఒకే ఆకారం, ఒకటి రెండోదాని నుంచి చుట్టుకొలత మీద కాస్త జరిగి ఉంటుంది. గొట్టం ఖచ్చితంగా గుండ్రంగా ఉంటే రెండింటికీ ఒకే ఫ్రీక్వెన్సీ. రేకును చుట్టి నిలువునా వెల్డింగ్ చేసిన మా డక్టులో వెల్డు గీత వల్లా, పూత మందం అన్ని వైపులా సమానంగా పడకపోవడం వల్లా ఆ జంట కొద్దిగా విడిపోతుంది. ఈ రెండు శిఖరాలు పక్కపక్కనే కలిసి ఒకే వెడల్పాటి గుట్టలాగా కనిపిస్తాయి. దానికి మూడు డెసిబెల్ పద్ధతి వాడితే డంపింగ్ ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, పూత వేసినవాడు సంతోషిస్తాడు, కొలత మాత్రం తప్పు. ఇక్కడ గొట్టం చుట్టూ అనేక బిందువుల దగ్గర సుత్తితో కొట్టి, అన్ని సంకేతాలకూ ఒకేసారి కర్వ్ ఫిట్టింగ్ (కొలతలకు గణిత వక్రరేఖను సరిపోల్చడం) చేసి, జంటలోని రెండు మోడ్‌లకూ విడివిడిగా విలువలు ఇచ్చారు. ఇంకో విషయం కూడా చూపించారు: షెల్ గోడ వంగడం కంటే సాగడం ఎక్కువగా ఉండే మోడ్‌లలో అదే పూత చాలా తక్కువ డంపింగ్ ఇస్తుంది, ఎందుకంటే ఆ మోడ్‌లలో పూతకు వంపు వల్ల దక్కే అదనపు లాభం ఉండదు. చదును రేకు మీద వచ్చిన అంకెను డక్టుకు అంటగట్టకూడదని దీంతో స్పష్టమైంది.

లోటుపాట్లు కొన్ని ఉన్నాయి. విలువల పక్కన అనిశ్చితి ఎంతో రాయలేదు. పరీక్షాశాలల ప్రమాణమైన ఐఎస్‌ఓ 17025 ప్రకారం గుర్తింపు పొందిన చోట, ఫలితం చెల్లుబాటుకు అది అవసరమైతే గానీ వినియోగదారుడు అడిగితే గానీ దీన్ని రాయాలి. ప్యానెల్‌ను నైలాన్ దారాలతో వేలాడదీసి కొలిచినంత శ్రద్ధ, బోల్టులతో ఫ్రేముకు బిగించిన ప్యానెల్ మీద చూపించలేదు, అది తమ పరిధి కాదన్నారు. బిగించిన ప్యానెల్‌లో కీళ్ల దగ్గరి రాపిడి వల్లే లాస్ ఫ్యాక్టర్ 0.01 దగ్గరకు చేరవచ్చు. అప్పుడు పూత వల్ల 0.1 వస్తే పెరిగేది పది రెట్లే, వంద రెట్లు కాదు. విశాలమైన ఫ్రీక్వెన్సీ పట్టీలో ఇంజిను కుదుపులకు ప్యానెల్ కంపించే తీరులో అది దాదాపు 10 డెసిబెల్‌ల తగ్గుదల. పైగా డంపింగ్ పని చేసేది రెజొనెన్స్‌ల దగ్గరే, రేకు గుండా గాలి శబ్దం దాటిపోయే చోట రేకు బరువూ, లోపల శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూలూ పని చేస్తాయి గానీ పూత కాదు. ఈ మాట నివేదిక మొదటి పేజీలో ఉండి ఉంటే, పూత ఒక్కదానితో 75 డెసిబెల్‌లకు దిగిపోవచ్చని మా యజమాని ఆశపడేవారు కాదు.

చెప్పిన గడువుకంటే నివేదిక ఆలస్యంగా వచ్చింది, అందులో సగం మా తడి నమూనా వల్ల. రుసుము మా స్థాయి సంస్థకు బరువే. అయితే ప్రతి దెబ్బకూ సంబంధించిన ముడి రికార్డులను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు, వాటిని నేను మా దగ్గర మళ్లీ విశ్లేషించి చూస్తే దిద్దిన నివేదికలోని విలువలే వచ్చాయి. షెల్ నమూనాలు ఉన్నవారికి ఈ చోటును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చదును ప్యానెళ్లు మాత్రమే ఉన్నవారు వెళ్ళేముందు ఖాళీ నమూనాలను తప్పక వెంట తీసుకెళ్ళాలి, ఏయే ఉష్ణోగ్రతలు కావాలో పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించాలి, ఎక్స్‌పొనెన్షియల్ విండో వాడితే దాని కాల స్థిరాంకాన్నీ సవరణనూ నివేదికలో చూపాలని షరతు పెట్టాలి. రెండో రకం పూత వేసిన పట్టీలు ఇప్పుడు వారి దగ్గరే 60 డిగ్రీల పెట్టెలో ఉన్నాయి, ఈసారి షరతులన్నీ ఆర్డరులోనే రాసి పంపాము.